పంపినవారును పంపబడినవారును: క్రైస్తవ పరిచారకుల క్షేమమును గూర్చిన సమీక్ష

మిషను సేవను గూర్చి మన సంఘములలో ప్రసంగించువారు సాధారణముగా పిలుపును గూర్చియు, త్యాగమును గూర్చియు, దూరదేశములందలి సమాధులను గూర్చియు గంభీరముగా మాటలాడుదురు. పంపబడిన మనుష్యుడు ఎట్టి యింట కాపురముండెనో, జ్వరము వచ్చినపుడు ఎవరు మందిచ్చిరో, బిడ్డ లెక్కడ చదువుకొనిరో, పదియేండ్లు గడచిన పిమ్మట ఆతని మనస్సు ఎట్లుండెనో విచారించువారు మాత్రము అరుదు. ఆ సంగతులు వేదికకు తగినవి కావన్నట్లు, ఆరాధన ముగిసి అందరును వెడలిన తరువాత వరండాలో మెల్లగా చెప్పుకొనబడుచుండును. అయినను రెండు శతాబ్దములకు మించిన యీ చరిత్రను ఓపికతో పరిశీలించినవారికి, సేవకులు నిలిచిన చోట్లను, కూలిన చోట్లను నిర్ణయించినది వారి విశ్వాసపు హెచ్చుతగ్గులకంటె వారి వెనుకనున్న యేర్పాటుల హెచ్చుతగ్గులే యని తోచక మానదు. ధైర్యము సేవకునిదే, కాదనను. కాని యా ధైర్యము నిలుచుటకు కావలసిన కూడు, నిద్ర, తోడు, వైద్యము, సెలవు, తిరిగి వచ్చినపుడు తలదాచుకొనుట కొక యిల్లు, ఇవి పంపినవారు సమకూర్పవలసినవి. ఈ లెక్కలో ఎవరికెంత ముట్టినదో చూచుట యీ వ్యాసమునకు ఉద్దేశము.

తెలుగుదేశమున ప్రొటెస్టంటు మిషను సేవ 1805లో విశాఖపట్టణమున ఆరంభమైనది. లండన్ మిషనరీ సొసైటీ పంపగా వచ్చిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను నిద్దరును భాష నేర్చి, పాఠశాల పెట్టి, ఆనందరాయరను మహారాష్ట్ర బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తల యనువాదమునకు పూనుకొనిరి. క్రాన్ 1809 జనవరిలో చనిపోయెను. డెస్ గ్రాంజెస్ 1810 జూలైలో చనిపోయెను. వారు తెనిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరున అచ్చయి వచ్చునాటికి ఆ పుటలను కన్నులార చూచుటకు ఇద్దరిలో నొక్కరును లేరు. ఓడ ప్రయాణమునకు నెలలు పట్టెడి ఆ కాలమున, ఒక జాబునకు ప్రత్యుత్తరము వచ్చుటకు సంవత్సరము పట్టెడి ఆ కాలమున, లండను నగరమందలి కార్యదర్శులు వారికొరకు చేయగలిగినది స్వల్పమే. ఆ మొదటి తరమును పంపినవారిని తప్పుపట్టుట న్యాయము కాదు. కాని యీ మరణములనుండి పంపినవారు నేర్చుకొనిన దేమి యను ప్రశ్న మాత్రము న్యాయమైనదే. దానికి బందరు మిషను చరిత్ర యొక జవాబు చెప్పుచున్నది.

చర్చి మిషనరీ సొసైటీవారు 1841లో హెన్రీ వాట్సన్ ఫాక్సు, రాబర్టు నోబులు అను నిద్దరిని కలిపి బందరునకు పంపిరి. ఫాక్సు కుటుంబీకుడు, ఊరూరు తిరిగి బోధింప వలెనని ఉత్సాహపడినవాడు. నోబులు బ్రహ్మచారి, ఒకచోట కూర్చుండి బాలురకు చదువు చెప్పవలెనని సంకల్పించినవాడు. బందరు ఉప్పుగాలి, ఉక్క, జ్వరములు ఫాక్సును పలుమారు పడవేసినవి. 1845లో భార్య మరణించెను. తల్లిలేని బిడ్డలను ఇంగ్లండునకు చేర్చివచ్చి, ఆయన మరల బందరున పనికి దిగెను; మరల రోగి యయ్యెను; 1848లో స్వదేశమునకు పోయి, విశ్రమింపవలసిన దినములలోనే సొసైటీ కార్యాలయమున సహాయ కార్యదర్శిగా చేరి, ఆ యక్టోబరులోనే 31 ఏండ్ల వయస్సున మరణించెను. నోబులో, 1843లో పాఠశాల తెరచి, 1852లో ఇద్దరు శిష్యులు బాప్తిస్మము పొందినందున ఆ పాఠశాల ఖాళీయగుట చూచి, దానిని తిరిగి నింపి, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుమీదికి వచ్చి వేలకొలది జనమును మ్రింగిన యుప్పెనను చూచి, మరుసటి సంవత్సరము అక్టోబరులో ఆ యూరనే కన్నుమూసెను. ఇరువదినాలుగేండ్లలో ఒక్కసారియైనను స్వదేశమునకు పోలేదు.

ఈ యిద్దరి కథలను మన పెద్దలు చెప్పు తీరు గమనింపదగినది. నోబులు నిలిచినవాడు, ఫాక్సు నిలువలేకపోయినవాడు. నోబులు పేరు కళాశాలకు నిలిచినది. ఫాక్సు పేరు చరిత్ర చదువువారికి మాత్రము తెలియును. కాని నిష్పక్షపాతముగా చూడుడు: ఒకడు ఇంటనే యుండి, కాలనియమము తప్పక, ఒక్క పనిని ఒక్క చోట చేసెను, రెండవవాడు సంసారము మోయుచు, ఎండలో గుడారములు మార్చుచు, దుఃఖము చల్లారకమునుపే పనికి మరలెను. ఒకని దేహము సహించినది, వేరొకని దేహము సహింపలేదు. భక్తితో కొలువదగిన భేద మిందులేదు. భార్యను పోగొట్టుకొనిన యా ముప్పదియేండ్లు నిండని యువకుని, ఇక ఒక యేడాది కదలవద్దని కచ్చితముగా ఆపగల అధికారి యొకడుండిన ఎట్లుండెడిదో యని నాకు తోచుచుండును. ఆపుట పంపినవారి పని. ఆగుమని తన్ను తానాజ్ఞాపించుకొనుట సేవకునికి ఎన్నడును సులభము కాదు.

తిరిగిపోవుట ఓటమి కాదనుటకు గుంటూరు సాక్ష్యము చాలును. 1842లో అచ్చటికి వచ్చిన లూథరను మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయరు, మన లూథరనులు నేటికిని ఫాదర్ హేయర్ అని ప్రేమతో తలచు నాయన, మూడేండ్లకే ఆరోగ్యము చెడి అమెరికాకు మరలిపోయెను. ఊరక కూర్చుండక, ఏబది దాటిన వయస్సున బాల్టిమోరులో వైద్యవిద్య నభ్యసించి, 1847లో పట్టము పొంది, మరుసటి యేట గుంటూరునకు తిరిగివచ్చి, పలనాటివరకును పని విస్తరింపజేసెను. 1857లో మరల వెడలిపోయెను. రాజమండ్రి మిషను చేయిజారిపోవు పరిస్థితి వచ్చినపుడు, 1869లో 76 ఏండ్ల వృద్ధుడు మూడవసారి బయలుదేరి వచ్చెను. ఆయన మొదటి తిరుగు ప్రయాణమును సంఘము పారిపోవుటగా నెంచి యుండినచో, ఆ తరువాతి రెండు రాకడలును లేవు.

ఇక స్త్రీల విషయము. తెలుగునకు 1814లో వ్యాకరణమును రచించి యిచ్చిన విలియం కేరీ పేరు మనకు సుపరిచితమే గాని, ఆయన భార్య డొరతీ పేరు చెప్పువారెందరు? రానని పట్టుబట్టి, కడకు పసిబిడ్డతో ఓడ యెక్కి, 1793లో వంగదేశమున దిగిన యా యిల్లాలు, మరుసటి సంవత్సరము ఐదేండ్ల కుమారుడు పీటరును అతిసారమునకు కోల్పోయెను. అటుపిమ్మట ఆమె మనస్సు చెదరినది. 1807లో చనిపోవువరకు మరల కుదుటపడలేదు. ప్రక్కగదిలో భార్య కేకలు వేయుచుండగా భర్త గ్రంథములు భాషాంతరీకరించెనని చరిత్రకారులు ఆశ్చర్యముతో వ్రాయుదురు. ఆ యాశ్చర్యమున సగమైనను గోడకావలి గదివైపు మరలవలసినది. ఆ దినములలో మానసిక రోగమునకు చికిత్స లేదను మాట నిజమే. కాని యామెను పంపినవారెవరును ఆమెను పంపితిమని యనుకొననే లేదు. భర్తను పంపిరి, భార్య సామానుతోపాటు వెళ్లినది. నేటికిని కొన్ని సంఘములలో జీతము అయ్యగారికి, స్త్రీల సమాజము, ఆదివారపు బడి, వచ్చిపోవు అతిథుల కాఫీలు అమ్మగారికి. ఇది పంచుకొనిన సేవ యని పిలువబడుచున్నది గాని, అమ్మగారికి జ్వరము వచ్చిన దినమున కాఫీలు కాచువారెవరను మాట ఏ తీర్మానమందును కానరాదు.

కేరీ పని చేసిన శ్రీరాంపూరున మెచ్చదగిన యేర్పాటొకటి యుండెను. కేరీ, మార్ష్‌మన్, వార్డు కుటుంబములు ఉమ్మడిగా కాపురముండి, ఉమ్మడి ఖర్చులతో జీవించుచు, ప్రతి శనివారము సాయంకాలము కూడి, ఆ వారములో ఒకరిపై నొకరికి కలిగిన మనస్పర్థలను బహిరంగముగా చెప్పుకొని తీర్చుకొనుచుండిరి. తరువాతి తరమువారు వచ్చినపుడు ఆ గుంపులోనే పెద్ద చీలిక పుట్టినది గనుక దీనిని దివ్యౌషధమని చెప్పలేము. అయినను, ఒకే కాంపౌండులో పండ్లు కొరుకుచు, ఆదివారము చేతులు కలుపుచు, ఏండ్ల తరబడి ఒకరితో నొకరు మాటలాడని సేవకులను చూచినవారికి, ఆ శనివారపు సాయంకాలము విలువ తెలియును. సేవకుని మనస్సును పరదేశపు ఎండకంటె, పరమతస్థుని విరోధముకంటె, ప్రక్కబంగళాలోని సహోదరుడే హెచ్చుగా కాల్చునని అనుభవజ్ఞులు చెప్పుదురు.

వేసవి విశ్రాంతి చరిత్ర మరియొకటి. మధుర ప్రాంతపు అమెరికను మిషనరీలు మైదానపు జ్వరములకు తమవారిని వరుసగా సమాధి చేసిన పిమ్మట, 1845లో కొడైకెనాలు కొండమీద మొదటి యిండ్లు కట్టుకొనిరి. వారి పిల్లలకొరకు అచ్చట 1901లో బడి వెలసినది. కొండకు పోవుట విలాసమని విమర్శించినవారు నాడును ఉండిరి, నేడును ఉన్నారు. నేను వారితో ఏకీభవింపను. మరణములను తగ్గించిన యేర్పాటును విలాసమనరాదు. నా యభ్యంతరము వేరు: ఆ కొండ యెవరికి? ఏప్రిలు నెలలో దొరగారు, దొరసానిగారు కొండ యెక్కినపుడు, వారి స్థానమున ఎండలో గ్రామములు తిరిగినవాడు ఉపదేశి. గోషాలోని స్త్రీలయొద్దకును, పల్లె యరుగుల యొద్దకును నడచినది బైబిలు స్త్రీ. వీరి దేహములు ఈ దేశపు ఎండకు అలవాటు పడినవి గనుక వీరికి విశ్రాంతి అక్కరలేదని యెవరును పైకి అనలేదు. అనకుండగనే అట్లు జరిగినది.

ఒంగోలు చరిత్రలో ఈ భారము స్పష్టముగా కానవచ్చును. 1866లో అచ్చట స్థిరపడిన జాన్ ఎవరెట్ క్లౌ దొర సేవలో, తాళ్ళకొండపాటి ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ గురువులే ముందు నడచిరి. గురువునకు శిష్యగ్రామములు తిండిగింజ లిచ్చు పాత ఆచారమును క్లౌ తెలిసియే నిలిపి, ఉపదేశకుల పోషణమును దానిపై ఆధారపరచెను. మంచి కాలములో అది యోగ్యమైన పద్ధతి. బోధకుడు దొర జీతగాడను మాట రాదు, గ్రామమునకు వాడు తనవాడే. కాని 1876-78 నాటి కరవులో గ్రామమే యాకలితో పడియున్నపుడు గురువునకు గింజ ఎక్కడిది? ఆ సమయమున క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత త్రవ్వకమును గుత్తకు తీసుకొని, కూలీలకు పని చూపి, ఉపదేశకులను మేస్త్రీలుగా నియమించి వారి కడుపులుకూడ నింపెను. సేవకుల క్షేమమునకై తెలుగునేలమీద జరిగిన యేర్పాటులలో ఇంతకంటె తెలివైనది నాకు కానరాదు; బోధ కాదు, ఓదార్పు జాబు కాదు, కూలిడబ్బులు. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కనాడే 2222 మంది బాప్తిస్మము పొందిరని సంఘములన్నియు నేటికిని చెప్పుకొనును. ఆ వేలమందిని మరునాటినుండి కాచుకొనవలసిన యా కొద్దిమంది బోధకులు ఆ రాత్రి ఏమనుకొని నిద్రించిరో ఎవరును వ్రాసిపెట్టలేదు.

పంపబడినవారు ఎల్లప్పుడు తెల్లవారే యనుకొనుటయు పొరపాటు. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు తమ హోం మిషన్ సొసైటీ పక్షమున 1903లో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నెటాలునకు పంపిరి. చెరకుతోటలకు, తేయాకు తోటలకు ఒప్పందపు కూలీలుగా పోయిన తెలుగువారి మధ్య ఆయన సంఘములు కట్టి, పండ్రెండేండ్ల పిమ్మట 1915లో ఆ దేశమందే మరణించెను. పేదసంఘములు అణాలు కూడబెట్టి సముద్రముమీదుగా పంపిన సేవకుడాయన. అటులనే తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత చందాలతో 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, దోర్నకలున పని సాగించిరి. 1909లో ఆ పనికి వచ్చిన అజరయ్య మొదట గుడారమున కాపురముండి, తెలుగు నేర్చుకొని, 1912లో ఆంగ్లికను సంఘమందు మొదటి భారతీయ బిషప్పు అయ్యెను. 1910లో ఎడింబరో మహాసభయందు ఈయన చేసిన ప్రసంగము నాటి దొరలలో అనేకులకు రుచింపలేదు. పాశ్చాత్యులు చేయు త్యాగములను స్మరించి, వారినుండి తాము కోరునది స్నేహమని చెప్పి, ఒకే పనివాండ్రమధ్య ఒకరిని భోజనపు బల్లయొద్దకు, ఒకరిని వరండాలోనికి పంపు పద్ధతిని సభలో నిలిచి ప్రశ్నించెను. క్షేమమును గూర్చి ఈనాడు వెలువడుచున్న గ్రంథములందు ఈ ప్రసంగమునకు దక్కవలసిన స్థానము దక్కలేదు. అవమానమును దినదినము మ్రింగుచు పని చేయువానికి వైద్యుడేమి, సలహాదారుడేమి చేయగలడు? దోర్నకలున తన బోధకులతోపాటు వారి భార్యలకును శిక్షణ యిప్పించుటలో, అజరయ్య తాను పలికినది కొంతవరకైనను చేసి చూపెను.

ఈ ప్రశ్నను ఒక శాస్త్రముగా పరిశీలింపవలెనను తలంపు మాత్రము ఇటీవలిది. అందు భారతదేశపు పాలు తక్కువ కాదు. 1907లో లక్నోకు వచ్చిన అమెరికను మెథడిస్టు ఇ. స్టాన్లీ జోన్సు, ఎనిమిదేండ్లకు పైగా విరామములేక శ్రమించి, మనశ్శక్తి పూర్తిగా ఉడిగిపోయి, స్వదేశమునకు పోయి వచ్చిన పిమ్మటను కూలిపోయెను. లక్నోలో ఒక మందిరమున ప్రార్థించుచుండగా తనకు స్వస్థత కలిగెనని ఆయన చెప్పుకొనెను. ఇంతవరకు అనేకులు ప్రసంగములలో వాడుకొందురు. తరువాతి సంగతి వారు వదలివేయుదురు: అదే జోన్సు 1950లో లక్నోలోనే నూర్ మంజిల్ అను మానసిక చికిత్సాలయమును స్థాపింపజేసెను. ప్రార్థనవలన బాగుపడినవాడే వైద్యులను పిలిపించెను. ఆయనకు రెంటిమధ్య వైరము కనబడలేదు. ఆ చికిత్సాలయమును కొంతకాలము నడిపిన మార్జరీ ఫాయిలు అను బ్రిటిషు వైద్యురాలు, తానును మిషనరీయే గనుక, సేవకుల దిగులు, నిద్రలేమి, దాంపత్య కలహములు, ఒంటరి స్త్రీల కష్టములు మొదలగువానిని గూర్చి 1987లో ప్రకటించిన గ్రంథము ఈ రంగమున మార్గదర్శకమైనది. యుద్ధమున గాయపడిన సైనికుని అవమానింపనట్లే, సేవలో గాయపడినవానినిగూడ గౌరవింపవలెనను భావమును ఆమె తన గ్రంథనామముననే నిలిపెను.

మిషనరీల పిల్లల స్థితిని గూర్చిన ఆలోచనయు ఇచ్చటనే మొలకెత్తినది. 1950లలో భారతదేశమున నివసించు అమెరికను కుటుంబములను పరిశీలించిన రూత్ యూసీమ్ అను సాంఘికశాస్త్రజ్ఞురాలు, తలిదండ్రుల దేశమునకును, పెరిగిన దేశమునకును పూర్తిగా చెందక మధ్యనొక మూడవ సంస్కృతిలో పెరుగు పిల్లలున్నారని చూపెను. మన బోధకుల పిల్లలకు ఇది వర్తింపదా? కోరాపుటు కొండలలోనో బస్తరు అడవులలోనో సేవకు పోయిన తెలుగువాని బిడ్డ, ఇంట తెలుగు, వీథిలో ఒడియా లేక హల్బీ, బడిలో హిందీ లేక ఇంగ్లీషు మాటలాడుచు, సెలవులకు తాతగారి యూరికి వచ్చినపుడు తోటిపిల్లలచేత వెక్కిరింపబడును. ఆ బిడ్డనుగూర్చి అమెరికను పండితులు వ్రాయలేదు, మనమును వ్రాయలేదు.

1990లలో వరల్డ్ ఎవాంజెలికల్ ఫెలోషిప్ మిషను విభాగమువారు, సేవకులు ఏల మధ్యలో విడిచిపోవుచున్నారో తెలిసికొనుటకు భారతదేశముతో గూడ 14 దేశములలో విచారణ జరిపిరి. 1997లో వెలువడిన దాని ఫలితముల ప్రకారము ఏటా నూటికి సుమారు 5 మంది సేవనుండి వైదొలగుచున్నారు. అట్లు వైదొలగినవారిలో 71 శాతము మంది విషయమున కారణములు నివారింపదగినవే. పాత పంపుదేశములలో వృద్ధాప్యమును, పిల్లల చదువును, ఆరోగ్యమును ప్రధాన కారణములుగా కనబడగా, క్రొత్తగా పంపుచున్న ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశములలో ఇంటనుండి ఆదరణ లేకపోవుటయు, పిలుపు లేకపోవుటయు ముందువరుసలో నిలిచినవి. ఈ లెక్కలను గౌరవించుచునే యొక సందేహమును చెప్పవలెను. ప్రశ్నలకు జవాబులిచ్చినవారు విడిచిపోయినవారు కారు, సంస్థల యధికారులు. ఒకడు సేవ విడిచినపుడు, వానికి పిలుపు లేకుండెనని అధికారి వ్రాయుట యెంత సులభము! అదే మనుష్యుని అడిగినచో, ఆరు నెలలు జీతము రాలేదనియో, జాబులకు జవాబు లేదనియో చెప్పి యుండవచ్చును. 2003లో 22 దేశములలో జరిగిన రెండవ విచారణ, విడిచిపోయినవారి కారణములకంటె నిలిచినవారిని నిలిపిన యాచారములను హెచ్చుగా వెదకుటవలన నాకు మరింత ప్రయోజనకరముగా తోచుచున్నది.

ఆపదలకు లోనైన సేవకుల సంగతి చెప్పక తప్పదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహరపురమున గ్రాహం స్టెయిన్సును, ఆతని యిద్దరు కుమారులను కారులోనే దహించిన దురంతము దేశమంతయు ఎరిగినదే. భార్య గ్లాడిసు క్షమించితినని చెప్పి, కుష్ఠరోగుల సేవలో కొన్ని యేండ్లు అచ్చటనే నిలిచెను. లోకము ఆ క్షమను కొనియాడినది, కొనియాడదగినదే. కాని క్షమించినవారికి దుఃఖము తీరిపోయినదని యెంచు అలవాటు మనవారిలో కలదు. అది క్రూరమైన యలవాటు. దాడికో, ప్రమాదమునకో, పోలీసుస్టేషనులో గడపిన రాత్రికో లోనైనవానిని వెంటనే కూర్చుండబెట్టి, జరిగినదంతయు వివరముగా చెప్పించు పద్ధతి 1990లలో సంస్థలలో మిక్కిలి వ్యాపించినది. అట్టి ఒక్కపూట సంభాషణము తరువాతి మనోవ్యాధిని ఆపలేదనియు, కొందరికి హానియే చేయవచ్చుననియు 2002లో కాక్రేన్ సమీక్ష తేల్చెను. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితరులతో కలిసి ప్రకటించిన మానసిక ప్రథమ చికిత్సా మార్గదర్శిక వేరొక త్రోవ చూపినది: మొదట భద్రమైన చోటు, భోజనము, బంధువులతో మాట; చెప్పదలచినచో వినుట, చెప్పుమని బలవంతపెట్టకుండుట. ఏలీయా కథ నెరిగినవారికి ఇది క్రొత్తగా తోచదు. బదరీవృక్షము క్రింద చచ్చిపోవుదునని పడియున్న ప్రవక్తకు దూత ఉపదేశము చేయలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టెయు, నీళ్లును చూపెను, నిద్రింపనిచ్చెను, మరల లేపి తినిపించెను. నీవిక్కడ ఏమి చేయుచున్నావను ప్రశ్న నలువది దినముల తరువాత, హోరేబు గుహయొద్ద వచ్చినది.

ఇక నేటి మనవారి సంగతి. ఒక జిల్లా కేంద్రమున జరిగిన మాసాంతపు కూటమున వెనుకవరుసలో నేనొకమారు కూర్చుండుట తటస్థించినది. బోధకులు ఒక్కొక్కరే లేచి తమ రిపోర్టు పుస్తకములు బల్లమీద పెట్టుచుండిరి. ఎర్రగీతలు గీసిన యా పుస్తకమున దర్శించిన గ్రామములు, జరిపిన కూటములు, పంచిన కరపత్రికలు, క్రొత్త విశ్వాసులు, వసూలైన కానుక అని గళ్లుండెను. ఒక యువకుని వంతు వచ్చినపుడు అధికారి అద్దములు సవరించుకొని, “ఏమోయ్, ఈ నెల గ్రామములు తొమ్మిదేనా? పోయిన నెల పదునారు గదా!” అనెను. “చిత్తమండి అయ్యగారూ, పాపకు టైఫాయిడండి. ఆస్పత్రిలో ఉంటిమండి” అని యాతడు చేతులు కట్టుకొని చెప్పెను. “ప్రార్థన చేయుదము, కూర్చో” అని అధికారి తొమ్మిది అంకెను తన ఖాతాలో వ్రాసికొనెను. ఆయన కఠినుడు కాడు; ఆ సాయంకాలమే ఆ యువకుని ప్రక్కకు పిలిచి తన జేబునుండి అయిదువందలు ఇచ్చుట చూచితిని. మనిషిలో దయ యున్నది; పుస్తకములోనే టైఫాయిడునకు గడి లేదు. ఆ గడి లేనందున ఖర్చుల పట్టికలో వైద్యమునకు పద్దు లేదు; పద్దు లేనందున బోధకుడు చేబదులు తెచ్చును; అప్పు పెరుగగా సిగ్గు పెరుగును; సిగ్గు పెరుగగా కూటమునకు రాకుండ పోవును; తరువాత నెవరో యతనికి పిలుపు లేకుండెనని వ్రాయుదురు.

మతమార్పిడి చట్టములు అమలులోనున్న రాష్ట్రములలో పని చేయువారికి వేరొక భారము కూడ కలదు. ఒడిశాలో 1967 నుండియు అట్టి శాసనమున్నది. ఆ శాసనముల గుణదోషముల చర్చ ఇచ్చట అప్రస్తుతము. ఇరుగుపొరుగువారి అనుమానపు చూపుల మధ్య దినదినము జీవించుట మనస్సును అరగదీయునన్నదే ప్రస్తుతము. అట్టివానికి చట్టము తెలిసిన స్నేహితుడొకడు, రాత్రివేళ ఫోను ఎత్తువాడొకడు ఉండుట పది సదస్సులకంటె మేలు. అలసటను గూర్చిన శాస్త్రాభిప్రాయము కూడ స్పష్టపడుచున్నది: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంగీకరించిన రోగవర్గీకరణము, పనిలో శక్తులుడిగిపోవుటను రోగముగా గాక, సరిగా నిర్వహింపబడని వృత్తి సంబంధమైన ఒత్తిడి ఫలితముగా పేర్కొనెను. అనగా వెదకవలసినది పని చేయువాని లోపల మాత్రమే కాదు, పని యేర్పాటులోనని.

ఆదరణను గూర్చిన సంస్థల మాటలు నేడు విస్తారమే. కౌన్సెలింగు విభాగములు, వార్షిక విశ్రాంతి శిబిరములు, వెబినారులు నడుచుచున్నవి. వీనిలో నొక చిక్కును ఎవరును చాలినంతగా గుర్తింపలేదు: సేవకుని దుఃఖము వినవలసినవాడును, ఆతని బదిలీపై సంతకము పెట్టువాడును ఒక్కడే యైనచో, వినువానికి సత్యము వినబడదు. దిగులుగా నున్నదని, భార్యతో పొసగుట లేదని, ప్రార్థనయందు మనస్సు నిలుచుట లేదని జీతమిచ్చువానితో చెప్పు సాహసి యెవడు? అందుచేత వినువాడు సంస్థకు వెలుపలివాడై యుండవలెను. విన్నది వాని యొద్దనే యుండవలెను. వాని ఫీజు మాత్రము సంస్థ చెల్లింపవలెను. అంత స్తోమతులేని చిన్న సంఘములు ప్రభుత్వపు టెలిమానస్ సేవను వాడుకొనవచ్చును. 2022లో ఆరంభమైన యీ ఉచిత సేవను 14416 సంఖ్యకు ఫోను చేసి పొందవచ్చును. తెలుగులోను మాటలాడుదురు. బోధకుని రిపోర్టు పుస్తకపు అట్టమీద ఈ సంఖ్యను అచ్చు వేయించుటకు అయ్యెడి వ్యయమెంత?

వృద్ధాప్యమును గూర్చి మాత్రము ఇప్పటికిని అందరును మౌనమే. పెద్ద డినామినేషనులలో పింఛను నిధులు కొంతకొంత యున్నవి. స్వతంత్ర సంఘములలోను, చిన్న మిషనులలోను అరువదియేండ్లవరకు పరాయి రాష్ట్రమున అద్దె యిండ్లలో గడపినవానికి సొంత యూర ఇల్లుండదు, రేషను కార్డుండదు; అతడెరిగినవారు చనిపోయియుందురు, వారి పిల్లలు అతని నెరుగరు. పంపిననాడు వేదికపై పూలదండ వేసిన సంఘమున కాపరులే మారియుందురు. వీడ్కోలు సభనాడే, దండ వేయకముందే, ఆతని పేర పోస్టాఫీసులో నెలసరి జమ యొకటి తెరచి, తిరిగి వచ్చునాటికి రెండు గదుల యిల్లొకటి ఎవరి వంతో సంఘపు మినిట్సు పుస్తకమున వ్రాసి, కోశాధికారి సంతకము తీసికొనవలెను.